మిరప మోడుకు కుండీలో రెండో కాపు: మన ఎండల్లో మిరప బోన్సాయ్ పెంచే విధానం

ఫిబ్రవరి నెలాఖరు నుంచి గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల్లో చివరి కోత ముగిసిన మిరప తోటలను పీకి గట్ల మీద కుప్ప వేస్తారు. ఆ కుప్పలోంచి ఒక మొక్కను చేతిలోకి తీసుకొని, ఆకులనూ రెమ్మలనూ పక్కకు నెట్టి, నేలకు ఆనిన భాగాన్ని మాత్రమే చూడండి. బొటనవేలంత మందం, సన్నగా నెర్రెలిచ్చిన బూడిదరంగు బెరడు, చాచిన వేళ్లలా నలుదిక్కులకూ పరచుకున్న వేర్లు కనిపిస్తాయి. మర్రినో రావినో పళ్లెంలో పెట్టి ఇటువంటి మొదలు కోసం బోన్సాయ్ పెంపకందారులు ఏళ్ల తరబడి ఎదురు చూస్తారు. మిరప రైతు పొలంలో అది ఆరేడు నెలల్లోనే తయారై, చివరకు పొయ్యిలోకి కట్టెగా పోతుంది. ఆ కట్టెను కుండీలోకి మళ్లించి, మళ్లీ చిగురింపజేసి, జానెడు చెట్టుకు పండు మిరపలు కాయించే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మిరపను ఇలా మలచడానికి పాశ్చాత్య దేశాల్లో 'బోంచి' అనే పేరుంది. బోన్సాయ్, చిల్లీ అనే రెండు మాటలను అతికించి ఫిన్లాండ్ మిరప పెంపకందారులు దీన్ని వాడుకలోకి తెచ్చారు. తెలుగు చెవికి మాత్రం అది ఎవరినో భోజనానికి పిలిచినట్టు వినిపిస్తుంది. అటువంటి చలిదేశాల్లో ఈ పనికి అందం ఒక్కటే కారణం కాదు, అవసరం కూడా ఉంది. మంచు తగిలితే మిరప మొక్క చనిపోతుంది కనుక, చలికాలానికి ముందే కొమ్మలన్నీ నరికి, చిన్న కుండీలోకి మార్చి, కిటికీ పక్కన పెట్టి కాపాడుకుంటే, వసంతం రాగానే అది మళ్లీ చిగురించి, కొత్తగా నాటిన నారు కంటే ముందే కాపుకు వస్తుంది. మనకు మంచు భయం లేదు, ఏప్రిల్, మే నెలల ఎండ భయం ఉంది. అందువల్ల ఆ దేశాల వారి సూచనలను నెలలతో సహా అనుసరిస్తే ఇక్కడ మొక్క దక్కదు. పద్ధతిని తీసుకోవచ్చు గాని, పంచాంగం మాత్రం మనదే కావాలి.

మొక్క స్వభావం తెలిస్తేనే కత్తెర

మిరపను మనం ఏటా వేసే పంటగా చూస్తాం గాని, స్వభావరీత్యా అది కొన్నేళ్లు బతికే మొక్క. పెరట్లో బావిగట్టు పక్కన మూడు నాలుగేళ్లు కాసిన మిరప చెట్లను చూసినవారు చాలామందే ఉంటారు. అది పెరిగే తీరును ఒకసారి గమనిస్తే సగం పని అర్థమవుతుంది. విత్తనం నుంచి ఒకే కాండంగా లేచి, పది పన్నెండు ఆకులు తొడిగిన తర్వాత కొన పూమొగ్గగా మారుతుంది. ఆ మొగ్గ దగ్గర కాండం రెండుగా, ఒక్కోసారి మూడుగా పంగ చీలుతుంది. ఆ కొమ్మల్లో ప్రతిదీ ఒకటి రెండు ఆకుల తర్వాత మళ్లీ పూసి, మళ్లీ చీలుతుంది. అంటే మిరప మొక్క అంతా పంగల మీద పంగలే. పెద్ద చెట్టు కొమ్మల అల్లికను తలపించే ఈ చీలిక దానికి పుట్టుకతోనే ఉంది కనుక, మనం కొత్తగా ఆకృతిని కల్పించవలసిన అవసరం తక్కువ. ఏ పంగను ఉంచాలో, దేన్ని తీసివేయాలో నిర్ణయించుకుంటే చాలు.

ఈ స్వభావంలోనే రెండు బలహీనతలు కూడా ఉన్నాయి. పంగ చీలిన చోట కొయ్య చాలా పెళుసుగా ఉంటుంది. రెండు కొమ్మలను అటూ ఇటూ లాగితే మధ్యలో చీలి, చీలిక కాండంలోకి దిగుతుంది. రెండవది, కాండం మధ్యలో మెత్తని బెండు ఉంటుంది. అడ్డంగా నరికిన చోట ఆ బెండులో నీరు నిలిస్తే కుళ్లు మొదలై, పైకి ఏమీ కనబడకుండానే లోపల కిందికి పాకుతుంది. జునిపర్ వంటి గట్టి చెట్లకు చేసే పనులన్నీ మిరపకు పనికిరాకపోవడానికి ఈ రెండే కారణాలు.

ఏ రకం మిరప

మన పొలాల్లో దొరికే తేజ, 334, 341 వంటి రకాల మొదళ్లు సాధనకు చక్కగా సరిపోతాయి, ఖర్చూ ఉండదు. కాని వాటి కాయలు పొడవైనవి. జానెడు ఎత్తు చెట్టుకు వేలెడు పొడవు కాయలు వేలాడితే అది చెట్టులా కాక పొట్లపాదులా కనిపిస్తుంది. మొక్కను ఎంత చిన్నగా మలచినా కాయ పరిమాణం దాదాపు మారదు. ఆకు మాత్రం చాలావరకు చిన్నదవుతుంది. కాబట్టి చూపులకు నిలిచే బోన్సాయ్ కావాలంటే, కాయ సహజంగానే చిన్నగా ఉండి, ఆకాశం వైపు నిక్కి కాసే రకాన్ని ఎంచుకోవాలి. కేరళ కాంతారి మిరప ఇందుకు చాలా అనుకూలం. ఇది కాప్సికం ఫ్రూటెసెన్స్ జాతిది. మొదలు త్వరగా కొయ్యబారుతుంది, కుండీలో ఎక్కువ కాలం నిలుస్తుంది. నర్సరీల్లో అలంకరణ మిరప పేరుతో అమ్మే, ఊదా, పసుపు, ఎరుపు రంగులు మారే గుండ్రని చిన్న కాయల రకాలు కూడా బాగుంటాయి.

ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా, కరీబియన్ హబనీరో వంటివి కాప్సికం చైనెన్స్ వర్గానికి దగ్గరివి. (పేరులో చైనా ఉన్నా ఆ జాతి పుట్టిల్లు దక్షిణ అమెరికా, 1776లో పేరు పెట్టిన జాకిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పొరబడ్డాడు.) వీటి కాండం లావుగా ఊరుతుంది గాని ఆకులు వెడల్పు, ఎండకు సుకుమారం. తీరప్రాంతపు తేమలో ఫరవాలేదు, రామగుండం ఎండలో కష్టం. మొదటి ప్రయత్నానికి వీటిని ఎంచుకోవద్దని నా సలహా.

విత్తనం నుంచే మొదలుపెట్టాలనుకునేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మొదటి నుంచీ చిన్న కుండీలో పెంచితే మొక్క చిన్నదిగా ఉంటుంది గాని ఎప్పటికీ చెట్టులా కనిపించదు. పెన్సిలంత కాండం పెన్సిలంతే మిగులుతుంది. కాండం లావెక్కేది ఆకుల సంఖ్యను బట్టి. కనుక నారును నేలలోగాని పన్నెండు అంగుళాల కుండీలోగాని నాటి, కనీసం ఆరు నెలలు కత్తెర చూపకుండా, ఎండలో, మంచి ఎరువుతో విచ్చలవిడిగా పెరగనివ్వాలి. నేరుగా విత్తిన మొక్కకు తల్లివేరు లోతుగా దిగుతుంది. నారు పీకి నాటినదానికి పక్కవేర్లు ఎక్కువ వస్తాయి, బోన్సాయ్‌కి కావలసినవి అవే. నాటేటప్పుడు వేర్ల కింద ఒక పెంకు ముక్కను అడ్డంగా పెడితే వేర్లు పక్కలకు పరచుకుంటాయి.

మొదలును ఎంచుకోవడం, తేవడం

రైతును అడిగితే చివరి కోత తర్వాత కాదనేవారు ఉండరు. ఎందుకని అడిగి నవ్వేవారు మాత్రం ఉంటారు. చెట్టును పై నుంచి కాక కింది నుంచి చూసి ఎంచుకోవాలి. నేల దగ్గర లావుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ, మొదటి పంగ నేలకు నాలుగైదు అంగుళాల లోపే ఉన్నది మంచిది. కాండం కాస్త వంకర తిరిగి ఉంటే అది లోపం కాదు, సొగసు.

రోగం ఉన్నదాన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. ఆకులు చిన్నవై, ముడతలు పడి, కుచ్చులా దగ్గరయ్యి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే బొబ్బర తెగులు. వైరస్ మొక్క అంతటా ఉంటుంది కనుక కొమ్మలు నరికినా పోదు, కొత్త చిగురు కూడా ముడుచుకునే వస్తుంది. పైముడత, కిందిముడతల సంగతి వేరు. అవి పురుగుల వల్ల వచ్చేవి కాబట్టి ఆకులన్నీ తీసేసి మందు కొడితే మొక్క కోలుకుంటుంది. ఈ తేడా తెలియక మంచి మొదళ్లను పారేసినవారూ ఉన్నారు, వైరస్ మొక్కను ఇంటికి తెచ్చి డాబా మీద ఉన్న మొక్కలన్నిటికీ అంటించినవారూ ఉన్నారు. కాండం మొదట్లో గోధుమరంగు మచ్చ, మెత్తదనం ఉన్నదాన్ని కూడా తీసుకోకూడదు.

పీకవద్దు; తవ్వాలి. ముందురోజు సాయంత్రం నీరు పెట్టించి, కాండానికి జానెడు దూరంలో చుట్టూ పలుగుతో వదులు చేసి, మట్టిగడ్డతో సహా ఎత్తాలి. నల్లరేగడి ఎండి బిగుసుకున్నప్పుడు లాగితే సన్నని వేర్లన్నీ నేలలోనే తెగిపోయి, తాడులాంటి నాలుగు వేర్లే చేతికి వస్తాయి. తడి గోనెసంచి చుట్టి, నీడలో ఇంటికి చేర్చాలి.

ఎప్పుడు నరకాలి

ఇక్కడే చలిదేశాల పద్ధతికీ మన పద్ధతికీ పేచీ వస్తుంది. మనకు మొదళ్లు దొరికేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆ వెంటనే వచ్చేది నడివేసవి. వేర్లు కత్తిరించి పల్చని పళ్లెంలో పెట్టిన మొక్క 42 డిగ్రీల ఎండను తట్టుకోలేదు. అందుకని నేను పనిని రెండు దఫాలుగా చేస్తాను. తెచ్చిన రోజున కొమ్మలను సగానికి తగ్గించి, వేర్లను పెద్దగా కదపకుండా పన్నెండు అంగుళాల కుండీలోగాని పెంపకపు సంచిలోగాని నాటి, వేసవి అంతా ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచుతాను. తొలకరి పడి, గాలి చల్లబడిన తర్వాత, జూన్ చివర గాని జూలైలో గాని అసలు నరుకుడు, వేర్ల కత్తిరింపు, పళ్లెంలోకి మార్పు ఒకే రోజున పూర్తి చేస్తాను. ఇంట్లో కుండీలో పెంచుకున్న మొక్క అయితే నేరుగా ఈ రెండో దఫాతోనే మొదలుపెట్టవచ్చు. అక్టోబరు, నవంబరు నెలలు కూడా మంచివే. చలి ముదిరితే చిగురు నెమ్మదిస్తుంది, అంతే.

అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటూ వేసవిలో కుండీల్లో పచ్చిమిర్చి పండించుకునే తెలుగువారికి ఈ లెక్క తిరగబడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడిపోకముందే మొక్కను నరికి, పళ్లెంలోకి మార్చి, ఇంట్లో దక్షిణపు కిటికీ దగ్గర పెట్టుకోవాలి. వెలుగు చాలకపోతే ఎల్‌ఈడీ దీపం కింద రోజుకు 12 నుంచి 14 గంటలు ఉంచాలి.

కత్తిరింపు

పదునైన కత్తెర, స్పిరిట్‌లో ముంచిన దూది, చేతులకు తొడుగులు సిద్ధం చేసుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవారు పనికి ముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలి. పొగాకుకు సోకే మొజాయిక్ వైరస్ మిరపకు కూడా సోకుతుంది, వేళ్ల నుంచి కత్తెరకూ కత్తెర నుంచి గాయానికీ చేరుతుంది. ఒక మొక్క నుంచి మరో మొక్కకు పోయే ముందు కత్తెరను ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవాలి.

ముందుగా మొక్కను కంటి ఎత్తులో పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ ముఖభాగాన్ని నిర్ణయించుకోవాలి. వేర్లు బాగా పరచుకున్న వైపు, మొదటి పంగ స్పష్టంగా విడిపోయి కనిపించే వైపు సాధారణంగా ముఖం అవుతుంది. తర్వాత ఎండినవి, ఒకదానికొకటి అడ్డుపడేవి, లోపలికి పెరిగినవి తీసివేయాలి. మిగిలిన కొమ్మలను మొదటి పంగ పైన ఒకటి రెండు చీలికల వరకే ఉంచి, పైనున్నదంతా నరికివేయాలి. ఎంత ఎత్తులో ఆగాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది: నేల దగ్గర కాండం మందానికి ఎనిమిది నుంచి పది రెట్లకు మించకుండా మొత్తం ఎత్తు ఉంటే చెట్టు బలంగా కనిపిస్తుంది. రెండు సెంటీమీటర్ల మొదలున్న మొక్కకు జానెడు ఎత్తు సరిపోతుందన్నమాట.

ఎక్కడ నరికినా కణుపు నుంచి ఒక సెంటీమీటరు పైన నరకాలి. నరికిన చోటి నుంచి కింది కణుపు వరకు కొయ్య దాదాపుగా ఎండిపోతుంది. కణుపును ఒరుసుకొని నరికితే ఆ ఎండు కిందికి దిగి, చిగురు రావలసిన చోటునే చంపుతుంది. ఎండిన ముక్కను రెండు నెలల తర్వాత తీరుగా కత్తిరించుకోవచ్చు. కోత ఏటవాలుగా ఉండాలి, నీరు జారిపోవాలి. పెన్సిల్ కంటే లావైన గాయాలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు పొడిని కొద్ది నీటితో ముద్దగా కలిపి పూయడం మంచిది. అది లేకపోతే కొవ్వొత్తి మైనం కరిగించి, కాస్త చల్లారాక గాయం మీద వేస్తే నీరు లోపలికి దిగదు. జపాన్ పద్ధతిలో బెరడు ఒలిచి ఎండు కొమ్మను అలంకారంగా నిలిపే పని ఇక్కడ వద్దు. మిరప కొయ్య మెత్తనిది, ఒక్క వానాకాలానికే కుళ్లుతుంది.

మోడు మీద ఆకులు ఒక్కటీ మిగలకపోయినా ఫరవాలేదు. మొదటిసారి చేసేవారి చేయి ఇక్కడే ఆగిపోతుంది. దయతలచి నాలుగు కొమ్మలు అదనంగా వదిలేస్తారు. కత్తిరించిన వేర్లు ఆ ఆకులకు నీరు అందించలేక, కొమ్మలు వడలి, చివరకు ఎలాగూ తీసివేయవలసి వస్తుంది. పైన ఎంత తగ్గిస్తే కింద అంత నిశ్చింత.

వేర్లు, మట్టి, పళ్లెం

మట్టిని ఒక వెదురు పుల్లతో నెమ్మదిగా దులిపి, పారే నీటిలో కడిగి, వేర్లను పూర్తిగా చూడాలి. తల్లివేరు ఉంటే పక్కవేర్ల కింద అడ్డంగా కత్తిరించాలి. కిందికి దిగే లావుపాటి వేర్లను తగ్గించి, పక్కలకు పరచుకున్నవాటినీ సన్నని పీచువేర్లనూ వీలైనంత ఉంచాలి. మొత్తం మీద సగం వరకు తీసినా మిరప తట్టుకుంటుంది. పీచువేర్లు గుప్పెడైనా లేకపోతే తట్టుకోదు. పైకి కనిపించాలని వేర్లను మొదటి రోజే మట్టి మీద బయటపెట్టకూడదు. లేత వేర్లు గాలికి ఎండిపోతాయి. వాటిని అర అంగుళం మట్టి కింద ఉంచి, తర్వాతి ఏడాది మార్పిడిలో కొద్దికొద్దిగా పైకి తేవాలి.

బోన్సాయ్ పుస్తకాల్లో చెప్పే అకడామా అనే జపాన్ మట్టి మనకు ఖరీదు, అవసరమూ లేదు. పగిలిన ఎర్ర ఇటుకలను దంచి, జల్లించి, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల నలుసులను తీసుకుంటే అదే పని చేస్తుంది. పొడిని తప్పకుండా జల్లించి పారేయాలి. పొడి మిగిలితే అడుగున బురదగా పేరుకొని రంధ్రాలను మూసేస్తుంది. ఇటుక నలుసులు రెండు పాళ్లు, బరక ఇసుక ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు కలిపితే నీరు నిలవదు, తేమ పూర్తిగా పోదు. ఎండ తీవ్రంగా ఉండే ఊళ్లలో కొబ్బరిపొట్టు కొద్దిగా పెంచవచ్చు. తోట మట్టిని, ముఖ్యంగా రేగడిని, పల్చని పళ్లెంలో వాడకూడదు. తడిస్తే ఉబ్బి, ఎండితే బిగిసి, వేర్లను తెంపుతుంది.

పళ్లెం లోతు మూడు అంగుళాలకు తగ్గకుండా చూసుకోవాలి. పటాల్లో కనిపించే అంగుళం లోతు పళ్లేలు చలిదేశాలకు సరిపోవచ్చు గాని, మన వైశాఖంలో మధ్యాహ్నానికే అవి అట్లపెనాలవుతాయి. మెరుగుపూత లేని మట్టి పళ్లెం చల్లగా ఉంటుంది. అడుగున కనీసం రెండు రంధ్రాలు ఉండాలి, వాటిపై దోమతెర ముక్క వేయాలి, ఆ రంధ్రాల గుండా ఒక తీగను దూర్చి మొదలును పళ్లేనికి కట్టివేయాలి. మొక్క గాలికి ఊగితే కొత్తగా వచ్చే వేరు కొసలు తెగిపోతాయి కనుక ఈ కట్టు అలంకారం కోసం కాదు, ప్రాణం కోసం. నాటిన తర్వాత పుల్లతో గుచ్చుతూ వేర్ల మధ్య ఖాళీలు లేకుండా మట్టిని నింపి, అడుగు నుంచి తేటనీరు వచ్చేదాకా ఒకసారి తడపాలి.

తర్వాతి మూడు వారాలు

నా మొదటి రెండు మొక్కలూ ఈ మూడు వారాల్లోనే పోయాయి, అదీ ఆదరణ ఎక్కువై. ఆకులు లేని మోడు నీటిని పెద్దగా పీల్చదు. రోజూ పొద్దున్నే అలవాటుగా చెంబుడు నీళ్లు పోస్తే, గాలి ఆడని తడిలో కోసిన వేర్లు కుళ్లుతాయి. ఆ విషయం పైకి తెలిసేసరికి మొదలు బెరడు వేలికి జారివస్తుంది. పుల్లను మట్టిలోకి అంగుళం లోతు గుచ్చి, పది నిమిషాల తర్వాత తీసి చూడండి. దానికి తడి అంటితే నీరు అక్కర్లేదు. కాండం మీద మాత్రం రోజుకు రెండుసార్లు నీటి తుంపర చల్లితే మొగ్గలు మెత్తబడి లేస్తాయి.

మొక్కను వెలుతురు ఉన్న నీడలో ఉంచాలి, వానలో తడవనివ్వకూడదు. ఎరువు వేయకూడదు. బతికి ఉందో లేదో అనుమానం వస్తే గోటితో బెరడును ఆవగింజంత మేర గీకితే, కింద ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. మామూలుగా ఏడు నుంచి పదిహేను రోజుల్లో కణుపుల దగ్గర పచ్చని చుక్కలు కనిపిస్తాయి; ముదురు మొదళ్లకు నెల పట్టినా ఆశ వదలనవసరం లేదు. చిగుళ్లు అంగుళం పొడవయ్యాక ఉదయపు ఎండకు, ఆపై వారానికి ఇంకాస్త ఎక్కువ ఎండకు అలవాటు చేయాలి. నాలుగైదు ఆకులు విప్పారాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువును లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున పది రోజులకోసారి ఇవ్వవచ్చు. పచ్చి ఆముదపు పిండి, వేరుశనగ పిండి వంటివి ఇంత చిన్న పళ్లెంలో పులిసి వేర్లను కాలుస్తాయి.

ఆకృతి

మోడు చిగురిస్తే ఒక్కో కణుపు దగ్గర మూడు నాలుగు రెమ్మలు గుత్తిగా వస్తాయి. కావలసిన దిక్కుకు పోయే ఒకటి రెండింటిని ఉంచి మిగతావి గిల్లివేయాలి. ఉంచిన రెమ్మ ఐదారు ఆకులు తొడిగేదాకా ఆగి, అప్పుడు రెండు ఆకులకు కుదించాలి. చివర ఉంచిన ఆకు ఏ దిక్కుకు చూస్తుందో కొత్త రెమ్మ ఆ దిక్కుకే పోతుంది. కాబట్టి కుడికి తిప్పాలంటే కుడి వైపు ఆకు పైన కత్తిరించాలి. ఇలా పెంచడం, కుదించడం నాలుగైదుసార్లు జరిగేసరికి కొమ్మ వంకరలు తిరిగి, సన్నబడుతూ, ముసలి చెట్టు కొమ్మలా తయారవుతుంది. చైనాలో లింగ్నాన్ సంప్రదాయం వారు తీగలకు బదులు కత్తెరనే నమ్ముకొని వాడే పద్ధతి ఇది. మిరపకు ఇంతకంటే తగినది లేదని నా అనుభవం.

తీగ చుట్టవలసి వస్తే అల్యూమినియం తీగనే, అదీ పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతున్న కొమ్మకే చుట్టాలి. పూర్తిగా పచ్చిది నలుగుతుంది, పూర్తిగా ముదిరినది పుటుక్కుమంటుంది. వంచే రోజున ఉదయం నీరు పెట్టకుండా, ఆకులు కాస్త మెత్తబడ్డాక వంచితే కొమ్మ లొంగుతుంది, వంచాక వెంటనే నీరు పెట్టాలి. పంగను బొటనవేలితో కింది నుంచి ఆనించి పట్టుకోకుండా ఏ కొమ్మనూ వంచకూడదు. మిరప కొమ్మ వేగంగా లావెక్కుతుంది కనుక మూడు నాలుగు వారాల్లో తీగను ముక్కలుగా కత్తిరించి తీసేయాలి. చుట్టు విప్పబోతే కొమ్మ విరుగుతుంది. కొమ్మను కిందికి దించడమే కావాలనుకుంటే, ఒక నూలుదారం కట్టి పళ్లెం అంచుకు లాగి కట్టడం తీగకంటే క్షేమం.

ఆకృతుల్లో మిరపకు సహజంగా కుదిరేవి రెండు: ఒకే మొదలు మీద కొమ్మలన్నీ విసనకర్రలా విప్పారే చీపురు ఆకృతి, కాస్త వంపు తిరిగి నిలబడే మామూలు చెట్టు ఆకృతి. పళ్లెం అంచు దాటి కిందికి జారే ఆకృతి చూడ్డానికి బాగుంటుంది గాని, మిరప చిగురు ఎప్పుడూ పైకే లేస్తుంది కనుక దానితో నిత్యం యుద్ధమే.

ఆకులు చిన్నవి కావాలంటే నత్రజని తగ్గించాలి, ఎండ పెంచాలి, పెద్ద ఆకులను తొడిమ ఉంచి కత్తిరించాలి. నీడలో ఉన్న మిరపకు అరచేతి వెడల్పు ఆకులే వస్తాయి, ఏ కత్తెరా వాటిని చిన్నది చేయలేదు.

కాయించడం

ఆకృతి కుదిరేదాకా, అంటే మొదటి మూడు నాలుగు నెలలు, వచ్చిన ప్రతి మొగ్గనూ గిల్లివేయాలి. ఆ తర్వాత కాయలు కావలసిన సమయానికి సుమారు మూడు నెలల ముందు కత్తిరింపు ఆపాలి. మిరప పూసేది కొత్త చీలికల దగ్గరే కనుక, కొనలు గిల్లుతూ పోతే పువ్వే రాదు. పువ్వు నుంచి పచ్చికాయకు నెల పైన, అది పండడానికి మరికొన్ని వారాలు పడతాయి. సంక్రాంతికి ఎర్రని కాయలతో చెట్టు కళకళలాడాలంటే అక్టోబరు నడుమ కత్తెర పక్కన పెట్టాలన్నమాట.

మిరప పువ్వు తనంతట తాను ఫలదీకరణం చెందుతుంది. ఇంట్లో గాలి ఆడని చోట ఉంటే పువ్వు తొడిమను వేలితో మీటితే చాలు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 15 కంటే తగ్గినా పూత రాలుతుంది, దానికి మందు లేదు. మొగ్గ దశ నుంచి పొటాష్ ఎక్కువగా ఉండే 13:0:45 ఎరువును లీటరుకు ఒక గ్రాము చొప్పున వారం పది రోజులకోసారి ఇస్తే కాయ నిలుస్తుంది. చిన్న చెట్టుకు పది పన్నెండు కాయలు చాలు. ముప్పై వదిలితే చెట్టు ఆ ఏడాది కళగా ఉండి, మరుసటి ఏడాది కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోవడం నేను చూశాను. పండిన కాయను ఎక్కువ రోజులు చెట్టునే ఉంచితే కొత్త పూత తగ్గుతుంది.

పురుగులు, ఎండ

డాబా మీది ఒక్క మొక్కకు కూడా పొలం కష్టాలన్నీ వస్తాయి. ఆకు అంచులు పైకి దొన్నెలా ముడిస్తే తామర పురుగు, కిందికి తిరగబడ్డ పడవలా ముడిస్తే నల్లి అని రైతులు పోల్చుకుంటారు, అదే గుర్తు ఇక్కడా పనిచేస్తుంది. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దాక్కుంటుంది. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే నల్లని నలుసులు పరుగెత్తుతాయి. అటువంటి పూలన్నిటినీ కోసి సబ్బు నీటిలో ముంచి, నీలిరంగు జిగురు అట్ట ఒకటి కట్టాలి. తెల్లదోమకు పసుపు అట్ట. వేపనూనెను లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల సబ్బు ద్రవంతో కలిపి సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లితే చిన్న స్థాయిలో చాలావరకు అదుపవుతుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు. అయితే మండుటెండల్లో గంధకం ఆకును మాడుస్తుంది, వేపనూనె చల్లిన రెండు వారాల లోపు అసలు వాడకూడదు.

మార్చి నడుమ నుంచి ఉదయం పది గంటల వరకే ఎండ తగిలేలా చోటు మార్చాలి, లేదా సగం ఎండను ఆపే పచ్చని నీడతెర కట్టాలి. పళ్లేన్ని తడి ఇసుక నింపిన వెడల్పు తొట్టెలో కూర్చోబెడితే అడుగు వేడెక్కదు. నీరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం ఆకులు వాలినా సాయంత్రానికి వాటంతటవే లేస్తే కంగారు పడనవసరం లేదు. బోరునీటి ఉప్పులు పళ్లెం అంచున తెల్లగా పేరుకుంటుంటే, నెలకోసారి వాననీటితోనో మంచినీటితోనో మట్టిని ధారాళంగా కడగాలి. వేసవిలో కత్తిరింపు, మార్పిడి, తీగ అన్నీ బంద్.

రెండో ఏడు

ఏడాదికోసారి, జూలైలో, మొక్కను పళ్లెం నుంచి తీసి, వేర్లలో మూడో వంతు కత్తిరించి, కొత్త మట్టి వేయాలి. అప్పుడే వేర్ల పైభాగాన్ని కొద్దిగా బయటపెట్టాలి. ఈ లెక్కన చూసుకుంటే మిరప బోన్సాయ్ మూడు నుంచి ఐదేళ్లు చక్కగా నిలుస్తుంది, కాంతారి ఇంకా ఎక్కువ. ఒక వైపు కొమ్మలు కారణం లేకుండా వడలుతుంటే పాత గాయం దగ్గర పుల్లతో నొక్కి చూడండి. పుల్ల లోపలికి దిగితే బెండు కుళ్లుతోందని అర్థం. గట్టి కొయ్య తగిలేదాకా ఆ భాగాన్ని తొలిచి, ఆరబెట్టి, కాపర్ ముద్ద నింపితే మరో కాపు చూడవచ్చు. ఆ కాపులో చెట్టు మీదే పూర్తిగా పండిన రెండు కాయలను తీసి, నీడలో ఆరబెట్టి, గింజలను కాగితపు పొట్లంలో దాచి, తొలకరికి నారు పోసుకోవాలి. తేజ, 334 పక్కపక్కనే ఉన్న డాబాల మీద తేనెటీగలు పుప్పొడిని కలుపుతాయి కనుక, కాయ అచ్చం అదే రూపంలో కావాలనుకుంటే పూయకముందే ఆ కొమ్మకు పల్చని వల సంచి తొడగాలి.